అమ్మా, మీ అంచనా తప్పు!

2025 జూన్‌లో తెలంగాణ ద్రవ్యోల్బణం మైనస్ 0.93 శాతం. అంటే ధరలు పెరగలేదని మాత్రమే కాదు, అంతకుముందు ఏడాది జూన్‌తో పోలిస్తే తగ్గాయని. ఈ శుభవార్త ఎందుకో హైదరాబాద్ అబిడ్స్ చౌరస్తా దాకా రాలేదు. పది నుంచి ఇరవైకి ఎక్కిన ఇరానీ చాయ్ మళ్ళీ పది ముఖం చూడలేదు. అద్దె కాస్త తగ్గించి ఇవ్వండంటూ ఏ ఇంటి ఓనరూ తలుపు తట్టలేదు. పైగా జూన్ అంటే బడి ఫీజుల నెల. ఆ నెలలో ఏ తండ్రి దగ్గరైనా ‘మైనస్’ అన్నారంటే, తన బ్యాంకు ఖాతా గురించే అనుకుంటాడు.

కూరగాయలు, పప్పులు దిగిన మాట నిజమే, కాదనను. అంతకుముందు ఏడాది అవి ఎక్కిన ఎత్తు అలాంటిది మరి. దించింది వానలు, పంటలు. కానీ మన కేంద్ర బ్యాంకు, అదే రిజర్వ్ బ్యాంకు, పద్దు పుస్తకం చిత్రమైనది. ధర దిగితే జమ విధానం పేరిట, ఎక్కితే ఖర్చు ఉక్రెయిన్ యుద్ధం పేరిట, అకాల వర్షాల పేరిట.

అసలు వినోదం సర్వేలో ఉంది. రిజర్వ్ బ్యాంకు రెండు నెలలకోసారి 19 నగరాల్లో ఇళ్ళకు మనుషుల్ని పంపుతుంది. హైదరాబాదూ ఆ జాబితాలో ఉంది. ఇప్పుడు ధరలు ఎంత శాతం పెరుగుతున్నాయనుకుంటున్నారు, మూడు నెలల తర్వాత ఎంత, ఏడాది తర్వాత ఎంత అని అడుగుతారు. జవాబుకు ఒక్కో శాతం తేడాతో గళ్ళుంటాయి. చివరి గడి ‘16 శాతం, ఆపైన’. 2025 సెప్టెంబరులో జనం చెప్పిన సగటు ఏడు శాతం పైమాటే. అదే నెలకు దేశం మొత్తానికి సర్కారు కట్టిన లెక్క ఒకటిన్నర శాతం. ఇంత తేడా వచ్చినప్పుడు తప్పెవరిది? జనానిదే, సందేహమేముంది! రోజూ కొనే సరుకే మీకు గుర్తుంటుంది, పెరిగింది గుర్తుంటుంది, తగ్గింది మరిచిపోతారు అని ఆర్థికవేత్తలు ఓపిగ్గా నచ్చజెబుతారు. ఇవి జవాబు చెప్పినవారి అభిప్రాయాలే తప్ప మావి కానక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు కింద ఒక ముక్క రాసి చేతులు కడుక్కుంటుంది.

అబిడ్స్ పేటవాళ్ళకు లెక్కలు రావనడం మరీ అన్యాయం. గన్‌ఫౌండ్రీలో 1941 చట్టంతో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు నిజాం రాజ్యపు ఉస్మానియా సిక్కాను చూసుకున్న రోజుల్లో, ఏడు హాలీ (ఆ సిక్కా) రూపాయలకు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. ఇక్కడి జనం ఆ మారకాన్ని నోటి లెక్కన కట్టి బజారు చేసుకొచ్చినవాళ్ళు. వాళ్ళ మనవరాలికి తన ఇంటి ఖర్చు ఎంత పెరిగిందో తెలియదట!

జనం అంచనాలే ధరల్ని పెంచుతాయన్న సిద్ధాంతంలో పస లేదనను. ధర పెరుగుతుందని నమ్మిన బట్టల వ్యాపారి దసరాకు ముందే ధర చీటీ మారుస్తాడు, అతని గుమాస్తా జీతం పెంచమంటాడు, ఆ జీతం మళ్ళీ చీర ధరలో కలుస్తుంది. అందుకే 2016లో చట్టం సవరించి, నాలుగు శాతం లక్ష్యం, అటు రెండు ఇటు రెండు వెసులుబాటు, ఆరుగురు సభ్యుల పరపతి విధాన కమిటీ పెట్టారు. నవ్వు వచ్చేదల్లా, ముంబైలో చదివిన ప్రకటన విని అబిడ్స్ ఫుట్‌పాత్ తన మనసు మార్చుకుంటుందన్న ధీమా చూసి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో రేటు 6.5 శాతం నుంచి 5.5కి దిగింది. ఇంటి లోను వాయిదా కట్టేవారికి ఆ సంగతి తెలుసు. ఆదివారం పాత పుస్తకాలు పరిచే మనిషి తెచ్చేది గిరిగిరి అప్పు. సాయంత్రానికి బండి మీద వచ్చి వసూలు చేసుకునే ఆ అప్పిచ్చినవాడు పరపతి విధాన కమిటీ మినిట్స్ చదువుతాడా?

ఆ ప్రకటనలు మాత్రం భలే రంజుగా ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ గారికి ద్రవ్యోల్బణం అడవి దారి పట్టిన ఏనుగులా కనిపించింది. అక్టోబరుకల్లా అదే లాయంలో కట్టేసిన గుర్రమైంది, తలుపు తెరవొద్దని జాగ్రత్త కూడా చెప్పారు. ఒకప్పుడు జూ నాంపల్లి బాగ్-ఎ-ఆమ్‌లోనే ఉండేది, 1963లో కొత్త జూ పార్కు వచ్చాక జంతువుల్ని బహదూర్‌పురాకు తరలించారు. పొరపాటు చేశారు. ఆ తోటకు దగ్గర్లోనే, సైఫాబాద్‌లో, రిజర్వ్ బ్యాంకు ఆఫీసుంది. ఉంచేసి ఉంటే పనికొచ్చేవి.

ఇక ఒక ఉత్తరం సంగతి. వరసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం ఆరు శాతం దాటితే బ్యాంకు విఫలమైనట్టే. ఎందుకు తప్పామో, ఏం చేస్తామో, ఎప్పటికి దారికి తెస్తామో ప్రభుత్వానికి రాసివ్వాలని చట్టం. 2022 సెప్టెంబరు నాటికి ఆ ముచ్చట తీరింది. నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా కూర్చుంది, ఉత్తరం ఢిల్లీకి వెళ్ళింది. జనానికి మాత్రం చూపలేదు. బయటపెట్టాలని చట్టంలో లేదని పార్లమెంటులో జవాబిచ్చారు. జనం అంచనాలను అదుపులో పెట్టడమే తమ పనన్నవారు, ధరలు ఎప్పటికి దిగుతాయని తాము అంచనా వేశారో ఆ జనానికే చెప్పరు. మా అంచనా మాత్రం రెండు నెలలకోసారి ఇంటికొచ్చి మరీ అడుగుతారు.

ఆ ఉత్తరం నకలొకటి అబిడ్స్ జీపీవోకు స్పీడ్ పోస్టులో పంపించండి. అందినట్టు సంతకం పెట్టి, మూడు నెలల తర్వాత ధరలెలా ఉంటాయో మేమూ చెబుతాం. అప్పటిదాకా సర్వేకు వచ్చినవారు అడిగి శ్రమపడొద్దు, ఆ చివరి గడిలో టిక్కు పెట్టుకుని వెళ్ళొచ్చు.