పాస్‌బుక్కు చదువులు

బంగారానికి బ్యాంకు ఉంది, రక్తానికి బ్యాంకు ఉంది, చదువుకి మాత్రం ఎందుకు ఉండకూడదని ఢిల్లీలో ఎవరికో తోచింది. 2020 జూలై 29న విడుదలైన జాతీయ విద్యా విధానం ఆ ముచ్చట బయటపెట్టింది. మరుసటి ఏడాది జూలైలో యూజీసీ నిబంధనలు రావడం, ఆ వెంటనే ప్రధానమంత్రి చేతుల మీదుగా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలవడం చకచకా జరిగిపోయాయి. విద్యార్థి డిగ్రీ వైపు వేసే ప్రతి అడుగూ ఇందులో జమ పడుతుందట. ఏడాదికి 40 క్రెడిట్లు, మూడేళ్లకి 120, ఓపిక పట్టి నాలుగో ఏడూ చదివితే 160. ఎవరు ఎంతవరకు చదివారో ఒకచోట రాసిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. హాజరు పట్టీల కాలం నుంచీ బడిపంతుళ్లు చేస్తున్న పనే. పేచీ అల్లా ఆ రాసేది ఎవరి లెక్క అన్న దగ్గరే. విద్యార్థి ఎన్ని క్రెడిట్లు బాకీ ఉన్నాడో ఈ ఖాతా చెబుతుంది. విద్యార్థికి కాలేజీ ఏం బాకీ ఉంది, విశ్వవిద్యాలయం ఏం బాకీ ఉంది, ప్రభుత్వం ఏం బాకీ ఉంది అని రాసే గడి మాత్రం అందులో ఒక్కటీ లేదు. చదువన్నది రెండు పక్షాల మధ్య ఒప్పందమైతే, ఒక పక్షం కదలికలే పూసగుచ్చినట్టు రాసుకుని దానికి విద్యాప్రగతి అని పేరు పెట్టారు.

ముందు ఖాతాల సంగతి. జన్‌ధన్ పథకం వచ్చినప్పుడు ఖాతాలో సున్నా ఉన్నా ఫరవాలేదని ప్రభుత్వమే చెప్పింది, అది నిజాయితీ. చదువు బ్యాంకుకి ఆ పాటి నిజాయితీ కూడా లేదు. ఇన్ని కోట్ల ఐడీలు సృష్టించామని ప్రకటిస్తారు గానీ, ఒక యూనివర్సిటీలో జమైన క్రెడిట్లు మరో యూనివర్సిటీలో ఎంతమందికి చెల్లాయో ఆ ప్రకటనలో వెతికినా దొరకదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. బడి పిల్లలకి కూడా ఇప్పుడు అపార్ అనే 12 అంకెల నంబరు ఇస్తున్నారు. ఇది పూర్తిగా స్వచ్ఛందమని, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఇవ్వమని కేంద్రం చెబుతుంది. అదే స్వచ్ఛంద కార్యక్రమానికి 2024 డిసెంబరు 9, 10 తేదీల్లో దేశమంతటా మెగా దివస్ జరిపారు. ఇష్టమున్నవాళ్లే చేరే పనికి నూటికి నూరు శాతం టార్గెట్ ఎందుకో, ఆ టార్గెట్ అందని హెడ్మాస్టరు మీదకి మెమో ఎందుకో అడిగితే జవాబుండదు. కాలేజీల్లో అయితే వాట్సాప్ గ్రూపులో 'సాయంత్రం ఐదింటిలోపు పంపవలెను' అని ఒక మెసేజ్ వస్తుంది. ఆ పూట క్లాసులు ఆగిపోతాయి. లెక్చరర్ గారు చాక్‌పీసు పక్కన పెట్టి పిల్లల ఫోన్లకి ఓటీపీలు వచ్చాయా లేదా అని కనుక్కుంటూ కూర్చుంటారు. చదువు ఎంత సాగిందో కొలవడానికి చదువు ఆపడం ఈ పద్ధతిలో కనిపించే మొదటి విశేషం.

రెండో విశేషం పేర్ల దగ్గర ఉంది, ఇది తెలుగువాళ్లకి బాగా తెలిసిన నరకం. ఢిల్లీలో తయారైన ఫారానికి మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్ కార్డులో పూర్తిగా సాగుతుంది. లక్ష్మి అన్న రెండక్షరాల పేరుని ఇంగ్లీషులో ఒక గుమాస్తా కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తే, ఆధార్ సెంటర్ కుర్రాడు ఒక్క ఎక్స్‌తో తేల్చేస్తాడు. షేక్ కాస్తా బడి రిజిస్టర్లో ఎస్.కె. అవుతాడు, మహమ్మద్ ఎండీ అవుతాడు. డిగ్రీ రెండో ఏట పెళ్లయిన అమ్మాయి ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరిందంటే కంప్యూటర్ దృష్టిలో ఆమె చదువు వేరే ఎవరో చదివినట్టే. రెండు చోట్లా పేరు, పుట్టిన తేదీ అచ్చంగా ఒకేలా ఉంటే తప్ప నంబరు పుట్టదు. తప్పు రాసింది గుమాస్తా, తప్పు కొట్టింది ఆపరేటరు. సరిచేయించుకోవాల్సింది మాత్రం విద్యార్థి. మీసేవకి వెళ్తే మెమో మార్చుకు రమ్మంటారు, బడికి వెళ్తే ఆధార్ మార్చుకు రమ్మంటారు. కూలి పని మానుకుని వెంట తిరిగే తండ్రి పోగొట్టుకున్న రోజువారీ వేతనం ఏ ఖాతాలోనూ డెబిట్‌గా కనపడదు. ఇదంతా సాంకేతిక చిక్కు, కొన్నాళ్లకి సర్దుకుంటుందని పెద్దలంటారు. సర్దుకోవచ్చు. కాని ఎవరి పొరపాటు ఖరీదు ఎవరు కట్టాలో మొదటే నిర్ణయించేసిన వ్యవస్థ అది, ఆ నిర్ణయం మాత్రం సాంకేతికం కాదు.

అసలు క్రెడిట్ అంటే ఏమిటి? సెమిస్టర్ పొడుగునా వారానికి ఒక గంట పాఠం, అంటే సుమారు 15 గంటల బోధన, ఒక క్రెడిట్ కింద లెక్క. నాలుగు క్రెడిట్ల పేపరంటే అరవై గంటలు ఎవరో ఒకరు తరగతిలో నిలబడి చెప్పి ఉండాలి. చెప్పారా? డేటాబేస్‌కి తెలియదు, అడగదు కూడా. పరీక్ష పాసైతే నాలుగు క్రెడిట్లూ పడిపోతాయి, పాఠం చెప్పినా చెప్పకపోయినా. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒక్కసారిగా 3,220 పోస్టుల భర్తీకి ప్రకటన ఇచ్చారంటే, అప్పటికి అన్ని కుర్చీలు ఖాళీ అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ కుర్చీల్లో కూర్చోవాల్సినవాళ్ల పని పార్ట్‌టైం వాళ్లు, కాంట్రాక్టు వాళ్లు, గెస్టు లెక్చరర్లు చేస్తున్నారు, అదీ గంటల లెక్కన. విద్యార్థి హాజరు 75 శాతం దాటకపోతే హాల్‌టికెట్ ఆగుతుంది; 65కీ 75కీ మధ్య ఉంటే కాండొనేషన్ ఫీజు కట్టి గండం గట్టెక్కాలి. మరి పోస్టులు సగం కూడా నిండని డిపార్ట్‌మెంట్ ఎవరికి కాండొనేషన్ కట్టింది? సప్లీ రాసినవాడికి బ్యాక్‌లాగ్ అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తారు. మూల్యాంకనం నెలల తరబడి సాగదీసి, ఈలోగా పీజీ అడ్మిషన్ల గడువు దాటించిన పరీక్షల విభాగానికి ఏ తెర మీదా బ్యాక్‌లాగ్ చూపించరు.

డేటా అబద్ధం చెప్పదు అనేవాళ్లున్నారు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2019 ఏప్రిల్ ఫలితాలు వాళ్లు మరిచిపోయి ఉంటారు. మొదటి ఏడాది తెలుగులో 98 వచ్చిన ఒక అమ్మాయికి రెండో ఏడాది సున్నా అని చూపించారు. గొడవయ్యాక పేపరు చూస్తే 99 మార్కులు ఉన్నాయి. ఓఎంఆర్ పత్రం మీద బబుల్ చేసినచోట పొరపాటు జరిగింది. మనిషి అన్నాక పొరపాటు సహజం, దాని గురించి కాదు. ఏడాది కిందటి 98 బోర్డు దగ్గర ఉంది, ఈ ఏటి సున్నా కూడా బోర్డు దగ్గరే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఇదేమిటని అడగడానికి కంప్యూటర్ శాస్త్రం అక్కర్లేదు, కాస్త అనుమానం చాలు. ఆ అనుమానం పడే పని ఎవరికీ అప్పగించలేదు, ఎందుకంటే వ్యవస్థలో అనుమానం ఎప్పుడూ విద్యార్థి మీదే. ఆ ఏడాది మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు, ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసుకున్నారు, ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడాల్సి వచ్చింది. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు. రికార్డు ఉండటం వేరు, ఆ రికార్డు చూసి ఒక పిల్ల గురించి బెంగపడే మనిషి ఉండటం వేరు. రెండోది లేనిచోట మొదటిది ఎంత పెద్దదైతే అంత ప్రమాదం.

విదేశాల్లో ఇదంతా బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదా అంటారు. నిజమే, పనిచేసినచోట ఎందుకు పనిచేసిందో కూడా చూద్దాం. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2012 నుంచి విద్యార్థుల రికార్డుల్ని రోజూ జల్లెడ పడుతోంది. ఎవరు తప్పు కోర్సు తీసుకున్నారు, ఎవరికి కీలకమైన సబ్జెక్టులో మార్కులు తగ్గాయి అని 800కి పైగా ప్రమాద సూచనలు వెతుకుతారు. అక్కడ డిగ్రీ పూర్తి చేసేవాళ్ల శాతం పెరిగిన మాట కూడా వాస్తవం. మన సెమినార్లలో ఈ కథ ఇక్కడే ఆపేస్తారు. మిగతా సగం ఏమిటంటే, ఆ విశ్వవిద్యాలయం సాఫ్ట్‌వేర్‌తో పాటు 42 మంది సలహాదారుల్ని కొత్తగా ఉద్యోగాల్లోకి తీసుకుంది. కంప్యూటర్ ఎర్ర జెండా ఊపితే, వీళ్లు ఆ విద్యార్థిని పిలిచి కూర్చోబెట్టి, నీ ఇబ్బందేమిటి అని అడిగారు. మనం ఆ నమూనా నుంచి జెండా తెచ్చుకున్నాం, మనుషుల్ని అక్కడే వదిలేసి వచ్చాం. మనుషుల్ని వదిలేస్తే జెండా ఏం చేస్తుందో చెప్పే అమెరికా కథ ఇంకొకటుంది. మేరీలాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ యూనివర్సిటీ అధ్యక్షుడు, ఒక సర్వే ఆధారంగా చదువులో తడబడేలా ఉన్న కొత్త విద్యార్థులు ఇరవై, పాతిక మందిని మొదటి వారాల్లోనే సాగనంపాలని చూశాడు. లెక్కలోకి రాకముందే వాళ్లు వెళ్లిపోతే కాలేజీలో నిలిచేవాళ్ల శాతం బాగుంటుంది కదా. విద్యార్థుల పత్రిక 2016 జనవరిలో అది బయటపెట్టింది, ఫిబ్రవరి ఆఖరుకి ఆయన రాజీనామా చేశాడు. ఒకే రకం సమాచారం ఒకచోట పిల్లల్ని నిలబెట్టింది, ఇంకోచోట గెంటడానికి సిద్ధపడింది. తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆ తెర ముందు కూర్చున్నవాడి జీతం దేనికోసం ఇస్తున్నారన్న దాంట్లో ఉంది.

ఇక స్వేచ్ఛ వాదన. ఎప్పుడైనా మానేయవచ్చు, ఎప్పుడైనా తిరిగి రావచ్చు, ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోట ముగించవచ్చు. వినడానికి ఎంత బాగుందో! ఆదిలాబాద్‌లో రెండు సెమిస్టర్లు చదివిన అమ్మాయి మూడో సెమిస్టర్‌కి హైదరాబాద్ వస్తానంటే క్రెడిట్లు ఒక్క క్షణంలో వచ్చేస్తాయి. సీటు ఎవరిస్తారు? హాస్టల్ ఎవరిస్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆమె వెంట వస్తుందా? పాత కాలేజీలో చదివిన పేపరు కొత్త కాలేజీ సిలబస్‌కి సమానమా కాదా అని తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుంది? వీటిలో ఏ ఒక్కటీ డేటాబేస్ పరిష్కరించే ప్రశ్న కాదు, డబ్బూ సీట్లూ మనుషులూ కావాల్సిన ప్రశ్నలు. మధ్యలో మానేసేవాళ్ల విషయంలో మాత్రం నిజంగానే గొప్ప పరిష్కారం కనిపెట్టారు. ఒకప్పుడు మొదటి ఏడాది తర్వాత చదువు ఆపేసిన పిల్లని డ్రాపౌట్ అనేవారు, అది ప్రభుత్వానికి మచ్చగా ఉండేది. ఇప్పుడు ఆమె సర్టిఫికెట్‌తో ఎగ్జిట్ అయింది, అది పథకం సాధించిన విజయం. ఆ ఏడాది సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చే నోటిఫికేషన్ గ్రూప్ సర్వీసుల్లో గాని, బ్యాంకుల్లో గాని ఉందేమో వెతికి చూడండి. అందరూ అడిగేది డిగ్రీయే. పైగా జమైన క్రెడిట్లకి ఏడేళ్ల గడువు. పెళ్లి, ఇద్దరు పిల్లలు, అత్తవారింటి చాకిరీ, పెద్దదాన్ని బడిలో వేయడం, ఇవన్నీ ఏడేళ్లలోపు ముగించుకుని రమ్మని ఆ నిబంధన రాసినవాళ్ల ఉద్దేశం కాబోలు.

ఒక్క వాదన మాత్రం ఒప్పుకోక తప్పదు. దొంగ సర్టిఫికెట్ల వ్యాపారం మన దగ్గర ఏ స్థాయిలో ఉందో వీసా ఆఫీసుల దాకా తెలుసు. పట్టా అసలుదో కాదో నిమిషంలో తేల్చే జాతీయ రిజిస్టరు తప్పకుండా ఉండాలి, అది మంచి పని. అయితే అందుకు పట్టా వివరాలు ఒకసారి ఎక్కిస్తే చాలు. ఆరో తరగతి పిల్ల నంబరు నుంచి వెంటపడక్కర్లేదు. ఆ మంచి పనిలోనూ మెలిక ఉంది. డిజిలాకర్‌లోని పత్రాలు అసలు పత్రాలతో సమానమని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. అయినా ప్రతి కౌంటర్లోనూ "ఒరిజినల్ ఏదీ?" అనే ప్రశ్న మారలేదు. ఆ ఒరిజినల్ ఎక్కడుందీ? కాలేజీ బీరువాలో. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం ఇవ్వలేదు కాబట్టి, విద్యార్థి కట్టి తీసుకుపొమ్మని యాజమాన్యం అంటుంది. విద్యార్థుల ఒరిజినల్స్ అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆ ఆదేశం ఎన్ని కాలేజీలు పాటించాయో చూసే డాష్‌బోర్డు మాత్రం ఎవరూ కట్టలేదు. ప్రభుత్వం బాకీ పడితే విద్యార్థి సర్టిఫికెట్ తాకట్టులో ఉంటుంది, ఆ విద్యార్థి ఫోన్‌లో మాత్రం 120 క్రెడిట్లు పచ్చగా మెరుస్తుంటాయి.

కాబట్టి డేటాబేస్ తీసేయమని కాదు, రెండో పక్షాన్ని కూడా అందులో ఎక్కించమని అడగాలి. విద్యార్థి ఖాతా తెరిచినప్పుడు, ప్రతి పేపరు పక్కనా ఆ పాఠం చెప్పిన గంటలెన్ని, చెప్పింది రెగ్యులర్ అధ్యాపకుడా గెస్టా, చివరి పరీక్ష ఏ తేదీన అయింది, ఫలితం ఏ తేదీన వచ్చింది, ఆ ఏటి రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం ఎప్పుడు విడుదల చేసింది అన్నవి కనపడాలి. అంత సమాచారం ఎక్కడ సేకరించగలం అని ఉన్నత విద్యామండళ్లు తప్పించుకోవడానికి వీల్లేదు. పరీక్షల తేదీలు, ఫలితాల తేదీలు పరీక్షల విభాగంలోనే ఉన్నాయి. బిల్లుల తేదీలు ట్రెజరీలో ఉన్నాయి. ఏ కాలేజీలో ఎంతమంది అధ్యాపకులున్నారో కేంద్రం చేయించే ఉన్నత విద్యా సర్వేకి కాలేజీలు ఎప్పట్నుంచో లెక్క పంపుతూనే ఉన్నాయి. వీటిని కలపడానికి ఓటీపీ అక్కర్లేదు, తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, మెగా దివస్ అసలే అక్కర్లేదు. విశ్వవిద్యాలయం పేరు అన్ని చోట్లా ఒకే స్పెల్లింగ్‌లో ఉంటే చాలు.