మేనేజరు గారూ, కాస్త ఆ గ్లాసులు తుడుస్తారా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, హైదరాబాద్ మెట్రో పిల్లర్ల మీదా విజయవాడ హోర్డింగుల మీదా ఒక కుర్రాడు ప్రత్యక్షమవుతాడు. నల్లకోటు, మెడకు బో టై, వెనక షాండిలియర్, నెత్తిన "100% ప్లేస్‌మెంట్". ఏటేటా కుర్రాడు మారతాడేమో గానీ కోటు మారదు. ఒకప్పుడు ఆ కోటు కింద హోటల్ మేనేజ్‌మెంట్ అని ఉండేది. ఇప్పుడది హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ అయింది. పేరుకు చేసిన ముస్తాబు ఖర్చు ఫీజులో కలిపారు.

పిల్లాణ్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లిన తండ్రికి ముందుగా కాఫీ వస్తుంది. (తెచ్చేది సెకండియర్ విద్యార్థి. దాన్ని ప్రాక్టికల్ అంటారు.) కాఫీ వెనకాలే కౌన్సెలర్ గారి బ్రహ్మాస్త్రం వస్తుంది: "ఐటీ ఇవాళుంటుంది, రేపుండదు సార్. జనం తినడం మాత్రం మానరు కదండీ!" ఈ అస్త్రానికి 2020 మార్చి దాకా ఎదురులేదు. లాక్‌డౌన్ పెట్టాక జూన్ 8 వరకూ దేశంలో హోటళ్లు దాదాపుగా తలుపులు మూసుకున్నాయి. జనం తినడం మానలేదు, ఇంట్లో తిన్నారు. ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్న బ్యాచీలు డాల్గోనా కాఫీ గిలక్కొట్టుకుంటూ కూచున్నాయి. ఆ గండం గడిచాక కౌన్సెలర్ గారు మళ్లీ అదే కుర్చీలో కూచుని, అదే వాక్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు.

ఈ చదువుకు చరిత్ర లేకపోలేదు. లోకంలో మొదటి హోటల్ స్కూలు 1893లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో పెట్టారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1922లో మొదలెట్టింది. మన దేశంలో 1954లో ముంబైలో తొలి సంస్థ వచ్చింది, 1982లో అన్నిటికీ పెద్దగా కేంద్ర పర్యాటక శాఖ కింద జాతీయ కౌన్సిల్ ఏర్పడింది. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ (ఐహెచ్ఎం) ఆ కుటుంబంలోదే. అక్కడ చేయి తిరిగిన గురువులున్నారు, పెద్ద పేరు తెచ్చుకున్న శిష్యులూ ఉన్నారు. పేచీ వాళ్లతో కాదు, అమ్మకంతో.

అమ్మకంలో మొదట చూపించేవి రెండు ఫొటోలు. ఒకటి సీజర్ రిట్జ్‌ది, రెండోది మోహన్ సింగ్ ఒబెరాయ్‌ది. రిట్జ్ స్విస్ పల్లెటూరి రైతు బిడ్డ, లొజాన్ బడి తలుపులు తెరిచేనాటికే లండన్ సవాయ్ హోటల్‌ను నడుపుతున్నాడు. ఒబెరాయ్ 1922లో సిమ్లా సెసిల్ హోటల్లో నెలకు 50 రూపాయల గుమాస్తాగా చేరి, తర్వాత ఆ హోటల్‌కే యజమాని అయ్యాడు. ఇద్దరికీ ఈ డిగ్రీ లేదు. లేనివాళ్ల ఫొటోలు చూపించి డిగ్రీ అమ్మడం మామూలు తెలివి కాదు. రిట్జ్ కథలో కౌన్సెలర్ మింగేసే ముక్క మరొకటుంది: 1898లో సవాయ్ వాళ్లు రిట్జ్‌నూ, వంటశాల చక్రవర్తి ఎస్కాఫియేనూ కలిపి పంపించేశారు. సరుకుల దగ్గర కమీషన్లు, లెక్కకు రాని వైన్ సీసాలు కారణం. ఇవాళ సిలబస్‌లో 'ఫుడ్ అండ్ బెవరేజ్ కంట్రోల్' అని ఒక సబ్జెక్టుంది. అందులో మొదటి కేస్ స్టడీగా దీన్నే పెట్టొచ్చు, పెట్టరు.

ప్రవేశ పరీక్ష తీరు కూడా చూడాలి. చాలా ఏళ్లపాటు 200 ప్రశ్నల హోటల్ మేనేజ్‌మెంట్ జేఈఈలో 50 ప్రశ్నలు 'సేవారంగ అభిరుచి'కే ఇచ్చారు. గెస్టు అరిస్తే ఏం చేస్తావు, తోటి ఉద్యోగి తప్పు నీమీదకు వస్తే ఏం చేస్తావు, ఈ తరహావి. సరైన జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: చిరునవ్వు నవ్వి సర్దుకుపో. మూడేళ్ల చదువుకు ఆ ఒక్క పాఠం ముందే రావాలన్నమాట.

సీటు వచ్చాక పిల్లాడి చేతిలో పదిహేడు కోర్సుల ఫ్రెంచి విందు పెడతారు. ఒర్దవ్‌తో మొదలై, సూపు, గుడ్లు, చేప, మాంసం, మధ్యలో నోరు చల్లబడడానికి సోర్బే, మళ్లీ మాంసం, చివరకు చీజూ, పళ్లూ, కాఫీ. దేని తర్వాత ఏది, దేనికి ఏ ఫోర్కు, ఏ గ్లాసు ఏ మూల అన్నది కంఠతా రావాలి. ఇవాళ పారిస్‌లో కూడా ఎవరూ కూచుని తినని ఈ భోజనాన్ని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కుర్రాళ్లు రాత్రంతా వల్లె వేస్తారు. తల్లిసాసులు ఐదు, బెషమెల్, వెలూటే వగైరా, అవీ నోటికి రావాలి. ఆంధ్ర, తెలంగాణ వంటలా? రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒక చుట్టు చుట్టేటప్పుడు మనవీ వస్తాయి, గబగబా వెళ్లిపోతాయి. గోంగూరకు ఎంత ఉప్పు పడుతుందో తెలియకుండానే హోలండేజ్ సాసు విరిగితే ఎలా అతకాలో తెలిసిన పట్టభద్రుడు బయటికొస్తాడు. అతను పనిచేసే బాంక్వెట్ హాల్లో వెయ్యిమంది లైన్లో నిలబడి అడిగేది మటన్ బిర్యానీలో ముక్క.

ఇక ఇండస్ట్రియల్ ట్రైనింగ్. చదువులో ఒక భాగం హోటల్లో గడపాలన్నది నియమం, మంచి నియమమే. చేతికి పని రానిదే ఈ విద్య రాదు. ఫుడ్ ప్రొడక్షన్, సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్ కీపింగ్ అని నాలుగు విభాగాలూ తిప్పాలని కాగితం చెబుతుంది. హోటల్‌కు మాత్రం ఆ వారం ఎక్కడ మనుషులు తక్కువైతే అదే విభాగం. పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చినవాడికి ఫ్రంట్ ఆఫీస్ లాబీ గుండా నడిచి వెళ్లేటప్పుడు మాత్రమే కనబడుతుంది, అదీ సర్వీస్ గేటు మూసి ఉంటేనే.

బాంక్వెట్ వెనక గదిలో చూడాలి ఆ చదువు. ట్యూబ్‌లైటు కింద ప్లాస్టిక్ క్రేట్ల నిండా గాబ్లెట్లు, బకెట్లో పొగలు కక్కే నీళ్లు, అందులో కాస్త వెనిగర్. గ్లాసును ఆవిరికి పట్టాలి, కాడ పట్టుకోవాలి, నూలు రాలని గుడ్డతో లోపల, బయట, అంచు, అడుగు తిప్పి తుడవాలి. కెప్టెన్ వచ్చి ఒకటి తీసి లైటుకు అడ్డం పెడతాడు. వేలిముద్ర కనబడితే ఆ క్రేటంతా మళ్లీ. చేతులు ఉడికిన బంగాళాదుంపల్లా అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది, ఆ వేళకు ట్రైనీలకు క్యాబ్ ఉండదు. పొద్దున ఏడింటికి ఆమ్లెట్ కౌంటర్ దగ్గర ఉండాలి. మధ్యాహ్నం కాసేపు వదిలి సాయంత్రం మళ్లీ రమ్మంటారు, దాని పేరు బ్రేక్ షిఫ్ట్. బ్రేక్ అయ్యేది ఏమిటన్నది రోస్టర్‌లో రాయరు. ఇదంతా అయ్యాక లాగ్‌బుక్ నింపాలి, "ఈరోజు నేర్చుకున్న అంశం" అని ఒక గడి. కుర్రాడు ఆలోచించి రాస్తాడు: "గ్లాస్‌వేర్ మేనేజ్‌మెంట్". డిగ్రీ పేరులో ఉన్న మాట మొదటిసారి అతని పనిలో కనబడేది అక్కడే.

గ్లాసు తుడవడంలో నామోషీ లేదు. ఆ పనికి కూలి ఇవ్వకపోవడంలో ఉంది. కొన్ని హోటళ్లు ఏదో స్టైపెండ్ చేతిలో పెడతాయి, కొన్ని స్టాఫ్ క్యాంటీన్ భోజనంతో సరిపెడతాయి. అప్రెంటిస్‌గా రిజిస్టరైన పట్టభద్రుడికి 2019 నిబంధనల్లో నెలకు కనీసం 9 వేలని పెట్టారు. సిలబస్‌లో భాగంగా వచ్చిన ట్రైనీకి ఆ లెక్క వర్తించదంటారు. అతను కార్మికుడూ కాదు, అప్రెంటిసూ కాదు, విద్యార్థి. తుడిచిన గ్లాసు మాత్రం విద్యార్థి గ్లాసు కాదు, ప్లేటుకింతని బిల్లు వేసే విందులో గ్లాసే. ఫీజు కాలేజీకి, చాకిరీ హోటల్‌కు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈ చదువు పుట్టిన స్విట్జర్లాండ్‌లో హోటల్లో ఇంటర్న్‌గా చేరినవాడికి యజమానులూ సంఘాలూ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం నెలకు 2 వేల ఫ్రాంకులకు పైగా ముట్టజెప్పాలి. తిండికీ బసకూ అందులోంచి కోస్తారు, నిజమే. కోయడానికి ముందు ఏదో ఒకటి ఇచ్చారు కదా. అక్కడి నుంచి ఫోర్కు ఏ పక్క పెట్టాలో దిగుమతి చేసుకున్నవాళ్లకు ఈ సంగతి మాత్రం ఓడెక్కించడం గుర్తురాలేదు.

అంత దూరం ఎందుకు, మన పర్యాటక శాఖే 2009-10లో 'హునర్ సే రోజ్‌గార్ తక్' అని ఒక పథకం పెట్టింది. ఎనిమిదో తరగతి చదివిన యువకులకు ఉచితంగా వంట 8 వారాలు, వడ్డన 6 వారాలు నేర్పి, పైగా చేతిలో స్టైపెండ్ పెట్టేది. నేర్పిన చోట్లలో ఐహెచ్ఎంలూ ఉన్నాయి. అదే వంటగది, అదే బకెట్టు, అదే గుడ్డ. ఒకరికి 6 వారాలు, ఎదురు డబ్బు. మరొకరికి మూడేళ్లు, ఏడాదికి లక్ష దాటిన ఫీజు. తేడా ఎక్కడుందంటే, రెండోవాడికి పదిహేడు కోర్సుల వరుస వచ్చు.

సిబ్బంది మీద హోటళ్లకు ప్రేమ లేదనడం అన్యాయం. కోర్టులో బోలెడంత ఉంది. బిల్లులో సర్వీస్ చార్జి బలవంతంగా కలపొద్దని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇస్తే, హోటళ్ల, రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ డబ్బు ఉద్యోగుల సంక్షేమానికేనని వాదించాయి. 2025 మార్చిలో సింగిల్ జడ్జి మార్గదర్శకాలను సమర్థిస్తూ ఒక్కో సంఘానికి లక్ష రూపాయలు వడ్డించారు. ఆ సంక్షేమంలో వెనక గదిలోని ట్రైనీకి ఎంత వాటా అని ఎవరైనా అడిగి ఉంటే వాదన ఇంకా రసవత్తరంగా ఉండేది.

ఇక్కడ గిట్టుబాటు కానివాళ్లకు అమెరికా ఉంది. జే-1 వీసా మీద ఏడాది 'ట్రైనింగ్', ఏజెన్సీకి లక్షల్లో రుసుము. అమెరికా నిబంధన స్పష్టంగానే ఉంది: హోటల్ రంగంలో 12 నెలలకు మించకూడదు, 6 నెలలు గానీ అంతకు మించి గానీ ఉంటే కనీసం మూడు విభాగాలు తిప్పాలి, మామూలు కూలి పనికి దీన్ని వాడకూడదు. అమీర్‌పేట సెమినార్లలో ఈ నిబంధన కన్నా డాలరు రేటుకే ఎక్కువ స్లైడ్లు. ఏలూరు కుర్రాడు ఫ్లోరిడా రిసార్టులో దుప్పటి మూలలు నలభై ఐదు డిగ్రీలకు మడుస్తూ వాట్సాప్‌లో బీచ్ ఫొటో పెడితే, వచ్చే బ్యాచికి అదే బ్రోచర్.

మిగిలింది ఆ నూరు శాతం. కోర్సు అయ్యాక కొందరు కాల్ సెంటర్లకు పోతారు, కొందరు బ్యాంకుల్లో క్రెడిట్ కార్డులు అమ్ముతారు, కొందరు క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతారు. కాలేజీ లెక్కలో అందరూ ప్లేస్డే. బ్రోచర్ వెనక పేజీలో హోటళ్ల లోగోలు వరసగా మెరుస్తాయి. వాటి పక్కన మూడంకెలు వెయ్యమనండి: చేరినప్పటి జీతం, వారానికి పని గంటలు, మూడేళ్ల తర్వాత ఇంకా హోటల్లోనే ఉన్నవాళ్లు ఎందరు. "డేటా కాన్ఫిడెన్షియల్ అండి" అంటారు కౌన్సెలర్ గారు, ఎంతో మర్యాదగా. ట్రైనీ ఎన్ని గాబ్లెట్లు పగలగొట్టాడో, ఒక్కోటీ ఎంతో మాత్రం హోటల్ బ్రేకేజీ రిజిస్టర్‌లో తారీఖుతో సహా ఉంటుంది.