మంచు కుక్క, మూడో అంతస్తు

కొన్నాళ్లుగా మా ఇంట్లో అన్నం కన్నా ముందు కుక్క ముచ్చట వడ్డన జరుగుతోంది. అదీ ఆషామాషీ కుక్క కాదు, అలాస్కన్ మాలమ్యూట్. 34 నుంచి 38 కిలోలు తూగుతుంది. మంచు మీద బరువులు లాగడానికి ఇనుయిట్ జనం పెంచుకున్న జాతి. మేముండేది ఇస్నాపూర్‌లో, లిఫ్టు లేని మూడో అంతస్తులో. ఇక్కడ లాగాల్సిన బరువల్లా మంచినీళ్ల డబ్బా ఒక్కటే. ఆ ఉద్యోగం ఇప్పటికే నాది.

"దానిది స్వతంత్ర స్వభావం డాడీ" అంటుంది దాన్ని తెచ్చుకుందామంటున్న మా అమ్మాయి. పిలిస్తే రాదన్నమాట. అలాంటివాళ్లకు మా ఇంట్లో కొదవ లేదు. "2024 మార్చిలో కేంద్రం 23 జాతులు వద్దని రాసింది కదమ్మా" అన్నాను ఆశగా. అందులో రాట్‌వైలర్ ఉంది, అకిటా ఉంది, మాలమ్యూట్ లేదట. పైగా ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసిందట.

"ఏసీ బిల్లు ఎవరి జీతంలకెళ్లి?" అంది మా ఆవిడ. పక్కనే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. జొన్నో, సజ్జో, కందో, ఏ రకం మెట్ట నేలకు తట్టుకుంటుందో 1972 నుంచి ఓపిగ్గా చూస్తున్నారు. మా అమ్మాయి ఏ పరీక్షా లేకుండా అలాస్కాను తెచ్చి నాటుతానంటోంది.

నా బెంగ ముక్కు గురించి. వాసన పట్టే కణాలు మనిషికి 50, 60 లక్షలైతే, కుక్కకు 20 కోట్ల పైమాటే. ఇస్నాపూర్‌లో 50 లక్షలే దండగ. రాత్రి పదకొండు దాటాక ఫ్యాక్టరీల గాలి ఇటు తిరుగుతుంది. కిటికీలు వరసగా టపటపా మూసుకుంటాయి. పక్క వాటాలో మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైన పెద్దాయన మాత్రం మూయరు. లుంగీ ఎగ్గట్టి బాల్కనీలోకొచ్చి, ఒక ముక్కు మూసి, రెండో దాంతో నిండుగా పీల్చి, "మెర్కాప్టాన్" అని తీర్పు చెబుతారు. ఎదుటి బిల్డింగు బాయిలర్ ఆపరేటర్ ఒప్పుకోడు. "కాదు సార్, గిది సాల్వెంటు. గాలి బొల్లారం దిక్కుకెళ్లి కొడ్తుంది." "సర్వీసంతా పీల్చినవాణ్ని, నాకే చెప్తవా?" పందెం చాయ్. గెలుపెవరిదో తేల్చే దారి లేదు గనక ఎవరి చాయ్ వాళ్లే తాగుతారు. ఫిర్యాదు చేద్దామంటే వాసనది నైట్ షిఫ్టు, అధికారులది జనరల్ షిఫ్టు. ఈ పటాన్‌చెరు కాలుష్యం మీదే 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన కేసు, గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు దగ్గరికి వచ్చేసరికి 2017. రెండు మాలమ్యూట్ల ఆయుష్షు అందులోనే చెల్లిపోతుంది.

పైగా ఈ కుక్క పెద్దగా మొరగదట, ఊళ వేస్తుందట. పాశమైలారం ఫ్యాక్టరీల సైరన్లకు మూడు షిఫ్టులూ బదులిస్తుంది కాబోలు.

మొన్న మా అమ్మాయి నోట్‌బుక్కు తీసి లక్షణాలు చదువుతోంది. రోజూ బాగా తిరగాలి. ఇరుకులో పెడితే దిగులు పడుతుంది. వేడికి తాళదు. ఒకరి మాట వినదు. పేపరు చూస్తున్న మా బాపు తలెత్తాడు. నారాయణఖేడ్ దగ్గర చేనంతా కలియదిరిగిన మనిషి. అమ్మ పోయాక ఇక్కడికొచ్చాడు. ఆయనకు ఎంత నడక కావాలో, ఈ గాలి పడుతుందో పడదో ఎవరూ నోట్‌బుక్కులో రాయలేదు. సంచి సర్దాం, బస్సెక్కించాం. ఇప్పుడు బాల్కనీలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాడు. రాత్రి కిటికీలు మూశాక దగ్గుతాడు.

"అన్నీ మాట్లాడిండ్రు గని, గా కుక్కనెవలన్న అడిగిండ్రా?" అన్నాడు.

ఎవరం పలకలేదు. కాసేపటికి మా ఆవిడ లేచింది. "కింద పోర్షన్ ఖాళీ అయితదంట మామా. ముంగట జాగ ఉంది, వేపచెట్టుంది. అడిగొస్త."

అడిగొచ్చింది. అద్దె రెండు వేలు ఎక్కువ. ఏసీ బిల్లు కన్నా నయమేనట. వాసన మాత్రం అన్ని అంతస్తులకూ ఒకటే రేటు.