పనికిరాని ఇంజనీరు తొలి ఏడాది

మన ఇంజనీర్లు ఉద్యోగానికి పనికిరారని ఏటా ఎవరో ఒక పెద్దాయన సెలవిస్తూనే ఉంటారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్చుకునే పిల్లలు తలలు దించుకుని వింటారు. నిజమే కాబోలు. నాలుగేళ్లు చదివినా రాని విద్యలు కొన్ని ఉన్నాయి. వాటిని కంపెనీలే మొదటి ఏడాదిలో దగ్గరుండి నేర్పిస్తాయి.

అందులో ఓపిక ఒకటి. ఇన్ఫోసిస్ 2022లో ఆఫర్ లెటర్లు ఇచ్చిన పిల్లల్లో కొందరిని చేర్చుకున్నది 2024 చివర్లో. ఈలోగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "అబ్బాయికి ఉద్యోగం వచ్చిందండీ, చేరడమే తరువాయి" అని చెప్పి చెప్పి తండ్రుల నోళ్లు నొప్పెట్టి ఉంటాయి. తీరా మైసూరులో శిక్షణకు వెళ్లాక, మూడు అవకాశాలిచ్చినా పరీక్ష గట్టెక్కలేదంటూ 2025 ఫిబ్రవరిలో మూడు వందల మందికి పైగా పిల్లల్ని ఇంటికి పంపారు. చేర్చుకోవడంలో రెండేళ్లు ఆలస్యం చేసినవాళ్లకు మాత్రం ఏ పరీక్షా లేదు.

ఈ గండం దాటి ప్రాజెక్టులో పడ్డవాడికి టైమ్‌షీట్ ఎదురవుతుంది. పొద్దున్నుంచీ యాక్సెస్ రాక, టికెట్ పెట్టి, ఆ టికెట్ ఏమైందని మరో మెయిల్ పెట్టి ఊరికే కూర్చున్నవాడు, సాయంత్రానికి ఆ ఖాళీనంతా ఎనిమిది గంటల పనిగా గళ్లలో సర్దాలి. ఏడని రాస్తే మేనేజరు ఊరుకోడు. రాత్రి పదకొండు దాకా ప్రొడక్షన్ సమస్యతో కుస్తీ పట్టిన రోజున కూడా అక్కడ పడేది ఎనిమిదే. ఈ గణితం ఏ జేఎన్‌టీయూ సిలబస్‌లోనూ ఉండదు, పాపం. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి మాటలు బయటికొచ్చేసరికి ఆ లెక్క 90కి చేరింది. గళ్లు 40 దగ్గరే ఆగిపోతాయి గనక, మిగతా యాభై దేశసేవ ఖాతాలో వేసుకోవాలి.

ఇక ఎవరి పని ఎంతవరకొచ్చిందో రోజూ చెప్పుకునే స్టాండప్ మీటింగ్. అందులో మైకు మ్యూట్‌లో ఉందో లేదో చూసుకోవడం వస్తే చాలు.

జీతం సంగతంటారా? 2011 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తవాడికి ఏడాదికి 3.25 లక్షలు. ఇప్పుడు 3.6 లక్షల దగ్గర తచ్చాడుతోంది. ఈ మధ్యలో మాదాపూర్ హాస్టల్ గది అద్దె ఎంత పెరిగిందని అడగకండి. పనికిరానివాడికి అంతకన్నా ఎవరిస్తారు? నైపుణ్యం లేదన్న ఈ ఒక్క మాట ఇన్నేళ్లుగా ఎంత నైపుణ్యంగా పనిచేస్తోందో చూడండి. అదే పిల్లవాడి గంటను అమెరికా క్లయింటుకు డాలర్లలో అమ్మేటప్పుడు, సరుకు పనికిరాదని బిల్లులో ఎక్కడా రాయరు.

వాడు విసిగి, వేరేచోట నాలుగు రాళ్లు ఎక్కువిస్తామంటే రాజీనామా పెట్టాడనుకోండి. అప్పుడు తెలుస్తుంది, వాడు లేకపోతే ప్రాజెక్టే ఆగిపోతుందట. 90 రోజుల నోటీసు పూర్తయ్యేదాకా కదలడానికి వీల్లేదట.