చీనీ చదువు

తప్పు నాదే. తాతకు తెలుగు ఎంతో ఉర్దూ అంత, ఆయన మాటలోనే చెబుదామని, "తాతా, నేను హైదరాబాద్‌ల చీనీ సదువుతున్న" అన్నాను.

తాత చేతిలో బీడీ ఆగిపోయింది. బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగమంతా పాన్‌మ్యాన్‌గా చేసిన మనిషి. కాగుతున్న పాకంలో గింజ ఎప్పుడు కడుతుందో గాజు పలక మీద చుక్క వేసి, దీపం ముందు పెట్టి, కంటితో చెప్పేవాడట. మా దగ్గర చీనీ అంటే చక్కెర.

"చీనీ సదువుడేందిరా? దానికి హైదరాబాద్ దాక పోవుడెందుకు? నాలుగొద్దులు నా ఎన్క తిరిగితే నేను నేర్పకపోదునా?"

"ఆ చీనీ కాదు తాతా. చీనోళ్ల భాష."

"చీనోళ్ల భాష చీనోళ్లు మాట్లాడుతరు గదా. నడుమ నువ్వెందుకు?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

హాస్టల్‌కు పోతే అక్కడ ఇంకో గొడవ. నా రూమ్మేట్‌ది అనంతపురం జిల్లా. వాళ్లకు చీనీ అంటే బత్తాయి. సాయంత్రం చీనీ క్లాసుకు పోతున్నానంటే, "దానికి క్లాసెందుకప్పా, మా తోటలోవి ఒక మూట తెప్పిస్తా" అన్నాడు. తిరుపతిలో బయల్దేరే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ తాడిపత్రి, గుంతకల్లు మీదుగా వచ్చి నిజామాబాద్‌లో ఆగిపోతుంది. అంటే ఆ బండి ఎక్కేటప్పుడు పండుగా ఉన్న చీనీ, దిగేటప్పటికి చక్కెర అవుతుందన్నమాట. సరిగ్గా ఏ స్టేషన్లో మారుతుందో కనిపెట్టాలని నాకు చాన్నాళ్లుగా కోరిక. తాండూరు మీద అనుమానం.

నిజం చెప్పాలంటే చైనీస్ నాకు సాయంత్రం పూట సరదా. 'మ' అనే ఒక్క శబ్దాన్ని నాలుగు రాగాల్లో పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు అవుతాయి. మొదటి వారమంతా మా అమ్మను గుర్రం చేశాను. ఇక 'మామ' అంటే వాళ్లకు అమ్మ. హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకడినొకడు "మామా" అని పిలుచుకునే జాతి మాది. ఎన్ని వందల మంది తల్లులమో.

అసలు చదువు జపనీస్. ఊళ్లో ఈ మాట చెప్పినప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న: "ఎంతిస్తరు?" మా జిల్లాలో ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఉంటారు. వాళ్లలో భాష నేర్చుకుని విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. ముందు పోవాలి, తర్వాత తిట్లు తినుకుంటూ నేర్చుకోవాలి. అది పద్ధతి. పోకముందే మూడేళ్లు నేర్చుకుంటున్నానంటే, నాకు వీసా దొరక్క ఇట్లా కాలక్షేపం చేస్తున్నానని అనుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపనీస్ నేర్పించి జపాన్‌కు పంపిస్తోందని పేపర్లో వచ్చాక కొంచెం మర్యాద పెరిగింది. కాకపోతే అప్పటినుంచి, "మీవోడు నర్సు అయితుండట గదా" అని బాపును అడుగుతున్నారు.

బాపు దగ్గరికే వస్తున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి, స్వపరిచయ పాఠం గట్టిగా బట్టీ పడుతున్నాను. జపనీస్‌లో ఎదుటివాళ్ల నాన్నను 'ఒతోసాన్' అని గౌరవంగా అనాలి. మన నాన్న గురించి పైవాళ్లతో చెప్పేటప్పుడు మాత్రం తగ్గించి 'చిచి' అనాలి. నేను పది సార్లు "చిచి, చిచి" అనేసరికి పక్కగదిలోంచి బాపు వచ్చాడు.

"ఎవరినిరా ఛీఛీ అంటున్నవ్?"

"నిన్నే బాపూ. జపాన్ల నాయిన్ని గట్లనే అంటరు. పైవాళ్ల ముంగట మనోళ్లను తగ్గించి చెప్పాలె, గది మర్యాద."

"తగ్గించుడంటే గింత తగ్గించుడా! మరి మీ అమ్మను ఏమంటరు?"

నేను కాసేపు ఆగాను. "హాహా."

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. "అన్నీ ఇసారించే పెట్టిన్రు" అంది. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో ఉప్పు తక్కువైనా కరెంటు పోయినా బాపు ఒక్కటే మాట: "పోరాన్ని సదివిపిచ్చినందుకు ఛీఛీనైన." అమ్మ అయినా పూర్తిగా తప్పించుకోలేదు. మా దగ్గర 'విను'ను 'ఇను' అంటాం. జపనీస్‌లో 'ఇను' అంటే కుక్క. "ఇను బిడ్డా, ఇను" అని ఆమె నచ్చజెప్పబోయినప్పుడల్లా నాకు రెండు కుక్కలు కనబడతాయి.

చదువులో నాకు కలిగిన పెద్ద అవమానం ఏమిటంటే, జపనీస్ కష్టమని రెండేళ్లు అందరికీ చెప్పుకున్నాక, అది కష్టం కాదని తెలియడం. "నేను బోధన్‌కు బస్సులో పోయిన" అనే వాక్యం తీసుకోండి. జపనీస్‌లో కూడా నేను, బోధన్, కు, బస్సు, లో, పోయిన. అదే వరస. 'కు' 'లో'లు మాట వెనకే తోకల్లాగా వస్తాయి. క్రియ చివర కూచుంటుంది. మనకు 'అవునా' అన్నప్పుడు చివరి 'ఆ' ఎంతో, వాళ్లకు వాక్యం చివర 'క' అంత. వాళ్ల అచ్చుల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది చూడగానే మన బడి పలక గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. బౌద్ధ భిక్షువులు తీసుకుపోయిన సంస్కృత అక్షరాల వరసను చూసే వాళ్లు దాన్ని కూర్చుకున్నారు. కానీ మేం నేర్చుకుంది ఇంగ్లీషు గైడులోంచి. తెలుగు వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి తలకిందులు చేసి, మళ్లీ జపనీస్‌లోకి తలకిందులు చేయడం. ఇంటి ఎదురు దుకాణంలో అగ్గిపెట్టె కోసం ముంబై మీంచి పోయినట్టు.

అంతా ఒకటే అనుకోవద్దు. వాళ్లకు 'ల' లేదు, 'ర'నే. మన భాష వాళ్లకు 'తెరుగు'. ఒకసారి జపాన్ నుంచి వచ్చిన అతిథికి ఊరి నుంచి తెచ్చిన లడ్డూలు ఇచ్చాను. ఆయన ఎంతో ఆనందంగా పెట్టె తెరిచి, "రద్దు! రద్దు!" అన్నాడు. నేను మూత పెట్టేశాను.

వాళ్ల బొమ్మల అక్షరాలు, అంటే కంజీలు, అధికారిక పట్టికలోవే 2,136. నా ప్రయాణాల్లో సగం వాటితోనే. కాచిగూడలో అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి (మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగిసే అజంత భాషలు తెలుగూ జపనీసూ రెండూ నోట్లో పెట్టుకుని అజంతా ఎక్కడం నా సొంత జోకు, ఎవరూ నవ్వలేదు) నిజామాబాద్‌లో దిగుతాను. అక్కణ్నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఆ బస్సులో అట్టముక్కల మీద రాసుకున్న అక్షరాలు తిప్పుతూ కూచుంటాను. ఒకసారి పక్కసీటు అవ్వ జానకంపేట దాకా ఓపిక పట్టి, చెయ్యి చాపింది.

"నాకు గూడ ఒక్కటి తీయి బిడ్డా."

నన్ను చిలక లేని చిలక జోస్యగాడనుకుంది. కాదని చెప్పేలోపే తానే ఒక అట్ట లాగింది. అదృష్టం బాగుంది.

"గిదేంది?"

"బంగారం అవ్వా. పైసలు అని గూడ. శుక్రవారానికి గూడ ఇదే అక్షరం."

"శుక్రారం లచ్చిమి అస్తదని గాళ్లకు గూడ ఎరుకేనా!" అని అవ్వ అట్టను కళ్లకద్దుకుంది. "మా పోరడు సౌదీల ఉన్నడు. రెండు నెలలాయె పైసలు రాక. శుక్రారం పంపుతడంటవా?"

నేనేం చెప్పాలి? పంపుతాడన్నాను. ఎడపల్లి వచ్చేసరికి వెనక సీట్ల నుంచి ఇంకో నాలుగు చేతులు చాచి ఉన్నాయి. 'రోగం', 'చావు' అని రాసిన అట్టలు తీసి జేబులో పెట్టుకుని, మిగతా కట్ట వాళ్ల ముందు పరిచాను. దిగేటప్పుడు నా దగ్గర పది రూపాయలూ ఒక జామకాయా ఉన్నాయి. జపనీస్ మీద ఇప్పటిదాకా నేను సంపాదించింది అంతే.

ఈ చదువు మొదలుపెట్టినప్పుడే నాయినమ్మ ఒక షరతు పెట్టింది. "కొత్త అక్షరాలంటున్నవ్. అమ్మవారికి చెప్పకుంట ఎట్ల?" అని బాసర తీసుకుపోయింది. బాసర జ్ఞాన సరస్వతి దగ్గర అక్షరాభ్యాసానికి వచ్చేవాళ్లంతా మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు. ఒళ్లో కూచోబెట్టుకోవడానికి నాయినమ్మకు నేను మరీ పొడుగు. చుట్టూ పిల్లలు ఏడుస్తున్నారు; నాకూ వాళ్లతో కలవాలనిపించింది. పళ్లెంలో బియ్యం మీద వేలితో హిరగానా 'అ' రాశాను. పూజ చేయించే ఆయన తొంగిచూశాడు.

"గిదేం అక్షరం నాయినా?"

"జపాన్ 'అ' పంతులుగారూ."

"మన 'అ' జిలేబీ. ఇది జిలేబీయే గానీ, చెయ్యి వణికింది" అని అక్షింతలు వేశాడు. నిజంగా అంత చక్కటి వర్ణన నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

తిరుగు రైల్లో గోదావరి దాటుతుంటే నాయినమ్మకు చెప్పాను, సరస్వతమ్మ జపాన్‌లో కూడా ఉందని. పేరు బెన్‌జైతెన్, చేతిలో వీణకు బదులు బివా అనే వాయిద్యం. కామకురా ఊళ్లో ఆమె గుడి ఒకటి ఉంది, అక్కడి ఊటనీళ్లలో డబ్బు కడిగితే అది పెరుగుతుందని జనం నోట్లు, నాణేలు జల్లెడల్లో పెట్టి కడుక్కుంటారు. సరస్వతి జపాన్‌లో ఉన్నందుకు నాయినమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు, తెలిసినవాళ్ల అమ్మాయి అమెరికాలో ఉందన్నట్టు తల ఊపింది. "ఆడ లచ్చిమి పని గూడ ఈమెనే చేస్తుందన్న మాట" అని కాసేపు జాలిపడింది. "ఆడోళ్లకు యాడికి పోయినా రెండు డ్యూటీలే."

అప్పుడు అర్థమవడం మొదలైంది, నేను ఎంత దూరం నుంచి ఏ వింత మోసుకొచ్చినా ఇంట్లో దాని పాత కాపీ ఒకటి ఉంటుందని. చెల్లె కొరియన్ సీరియళ్లు చూసి 'ఐగూ' అంటుంది. నేను పెద్ద పండితుడిలాగా, హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోల్చి పుస్తకం రాశాడనీ, ఇప్పటి భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరనీ వివరించాను. నాయినమ్మ మధ్యలోనే అడ్డుపడింది: "ఐగూ అంటే అయ్యో గదా? అయ్యో అనేటోళ్లందరు మనోళ్లే. ఒప్పుకునేదేముంది?"

ఆర్మూరు దగ్గర పసుపు వేసే మేనమామ ఒక్కడే నా విద్యను గౌరవించాడు. పసుపును జపనీస్‌లో 'ఉకోన్' అంటారు. రాస్తే రెండు కంజీలు: మొదటిది ఇరవై తొమ్మిది గీతలు గీయాలి, దాని అర్థాల్లో ఒకటి దిగులు, రెండోది బంగారం. మామ ఆ అట్టను చాలాసేపు చూశాడు. "దిగులు బంగారం! రేటు సూసే పెట్టిన్రు ఈ పేరు. మార్కెట్ యార్డుకు అచ్చినోడెవడో ఉన్నడు ఆళ్లల్ల." 2025 సంక్రాంతినాడు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పుడు ఫోన్ చేసి, "ఒక్క గీత తగ్గిందంటవా అల్లుడూ?" అని అడిగాడు. తగ్గలేదన్నాను. జపాన్‌లో ఆఫీసు వాళ్లు మందు పార్టీకి పోయే ముందు, తెల్లారి తల పట్టుకోకుండా, పసుపు రసం సీసా ఒకటి తాగిపోతారని చెప్పినప్పుడు మాత్రం మామ లేచి నిలబడ్డాడు. ఊరి కల్లు దుకాణం ముందు డబ్బా పెట్టేందుకు స్థలం చూస్తున్నాడు ఇప్పుడు. ఆ డబ్బా మీద పేరు నేను జపనీస్‌లో రాసివ్వాలి.

మిగిలింది తాత. మొన్న చలికాలంలో ఇద్దరం అరుగు మీద కూచున్నాం. ఒకప్పుడు చలికాలంలో బోధన్ గాలే తీయగా పులిసిన వాసన వేసేది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఆసియాలోనే పెద్దదని మేం చెప్పుకున్నది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. తాత ఇంకా చలికాలం రాగానే గాలి పీల్చి చూస్తాడు. సంతోషపెడదామని నా దగ్గరున్న చక్కెర విద్యంతా బయటికి తీశాను.

"తాతా, 647ల చీనా చక్రవర్తి తాయ్‌జోంగ్ మన మగధకు మనుషులను పంపిండు. చెరుకు రసం కాశే పని నేర్చుకోని రమ్మని."

"నేర్చుకున్నరా?"

"మనకన్న మంచిగ చేసిన్రని ఆళ్లే రాసుకున్నరు. తర్వాత తెల్ల చక్కెరకు చీనీ అని చీనా పేరే పడ్డదంటరు."

"నేర్పినోని పేరు యాడ రాసుకున్నరు?"

"రాయలే."

"పాన్‌మ్యాన్ అయ్యుంటడు" అన్నాడు తాత.

జపాన్‌లో చక్కెరను 'సాతో' అంటారనీ, అదే శబ్దంతో పలికే ఇంటిపేరు అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి ఉందనీ చెప్పాను, రాసే అక్షరాలు వేరే అయినా. ఊరంతా శక్కర్‌నగరోళ్లేనా అని తాత ముచ్చటపడ్డాడు. హుషారొచ్చి, 'సాతో' రాసే రెండు అక్షరాల అట్టలు ఆయన ముందు పెట్టాను. సంస్కృతంలో శర్కర అంటే అసలు ఇసుక, కంకర. మన చక్కెర, శక్కర్ అన్నీ ఆ మాట పిల్లలే. విచిత్రం, చీనావాళ్లు కూడా ఇసుక అనే రాశారు.

"గీ మొదటి అక్షరం సూడు. ఎడమ దిక్కు రాయి, కుడి దిక్కు కొంచెం. రాయి కొంచెమైతే ఇసుక. రెండో దాంట్ల ఎడమ దిక్కు బియ్యం. కుడి దిక్కున్నది ఆ తాయ్‌జోంగ్ వంశం పేరు, తాంగ్."

తాత కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గాజు పలక మీద పాకం చుక్కను చూసినట్టే, అట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇసుక ఉన్నది, బియ్యం ఉన్నది, నడుమ చక్కెర. ఇది భాష కాదురా, రేషన్ దుకాణం."

మళ్లీ ఇంకోసారి తిప్పి చూశాడు.

"మరి చెరుకేదిరా?"

నేను అట్టలన్నీ వెతికాను. "ఇంక రాలే తాతా."

"అస్తె చెప్పు" అని బీడీ అంటించుకున్నాడు.