'గ్రౌండు సాల్లే' వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆయనొచ్చిన్నాడు గ్రౌండు సాల్లే, గోడలెక్కిండ్రు;
ఈయనొచ్చిన్నాడు కుర్సీలు మిగిలినయ్.
ఎంతైనా అప్పటి పాట అప్పటిదే;
నువ్వప్పటికి పుట్టనే లేదు, నీకేమెరుక!

అవతారిక

పాటగాళ్లలో ఎవరికి జనం ఎక్కువ అనే వివాదంలో బొగ్గుగని ప్రాంతపు ఛాయ్ హోటళ్లలో పుట్టిన వాక్యమిది. గోదావరిఖని చౌరస్తాలోనూ, యైటింక్లయిన్ కాలనీలోనూ, రామగుండం ఎన్టీపీసీ పరిసరాల్లోనూ ఇది చిన్న చిన్న మార్పులతో వినిపిస్తూ ఉంటుంది గనుక దీనికి ఫలానావాడు కర్త అని నిర్ణయించడం కుదరదు. వేదాన్ని అపౌరుషేయం, అంటే మనిషి రచించనిది, అన్నట్టు దీన్ని కూడా అనవచ్చు గాని, వాక్యం ముగిసేసరికి బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ అది తమ మాటేనంటారు. వక్త సాధారణంగా సింగరేణిలో రిటైరైన కార్మికుడు. శ్రోత అతని కొడుకు ఈడువాడు, ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేసేవాడో, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చినవాడో అయి ఉంటాడు.

విషయం స్థానికమే అయినా వివాదం లోకవ్యాప్తం. పాత రాక్ బ్యాండ్ల అభిమానులు ఫలానా ఉత్సవంలో ఫలానా బ్యాండుకు ఎంత జనం వచ్చారని దశాబ్దాలుగా వాదించుకుంటున్నది ఈ పద్ధతిలోనే. వారికి గిటారు, వీరికి డప్పు అన్నంతే తేడా.

ప్రతిపదార్థం

ఆయన = పూర్వపు పాటగాడు, ఇక్కడ ప్రధానంగా గద్దర్; వచ్చిన్నాడు = వచ్చిన రోజున; గ్రౌండు = గనుల కాలనీల్లో సభలూ ఆటలూ జరిగే మైదానం; సాల్లే = సరిపోలేదు; గోడలు = ఆ మైదానపు ప్రహరీలు; ఎక్కిండ్రు = ఎక్కారు, కర్త చెప్పలేదు గనుక వక్త కూడా అందులో ఉన్నాడని ధ్వని; ఈయన = ప్రస్తుతం వేదిక మీద ఉన్న పాటగాడు, ఎవరైనా కావచ్చు; కుర్సీలు = టెంట్ హౌస్ వాళ్లు కిరాయికి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు; మిగిలినయ్ = ఖాళీగా ఉండిపోయాయి; అప్పటి పాట = వక్త యౌవనంలో ఉన్నప్పుడు విన్న పాట; అప్పటిదే = దానికి సాటి లేదు; నువ్వు = శ్రోతవు; పుట్టనే లేదు = ఈ విషయంలో మాట్లాడే అర్హత లేదు; ఎరుక = జ్ఞానం.

టీక

మొదటి పాదంలోని 'ఆయన' విషయంలో భేదాభిప్రాయం లేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలికి గొంతుకగా నిలిచి, 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో మళ్లీ జనం ముందుకు వచ్చిన గద్దర్ ఇక్కడ ఉద్దిష్టుడు. గొంగడి, గజ్జెలు, చేతికర్ర, ఒక డప్పు, వెనక వంత పాడే ఒకటి రెండు గొంతులు ఉంటే ఆ ప్రదర్శనకు సామగ్రి పూర్తయినట్టే. ఆ ఏడాది ఆయన సభలకు జనం విరగబడి వచ్చారన్నది నిజమే గాని, దానికి పాట ఒక్కటే కారణమనడం చాలదు. ఐదేళ్లపాటు కనిపించని మనిషిని కళ్లారా చూడాలన్న ఆత్రం కొందరిని, సభలకు ప్రభుత్వం ఇచ్చిన అనుమతి ఎన్నాళ్లుంటుందోనన్న అనుమానం మరికొందరిని మైదానానికి నడిపించాయి. 1992లో ప్రభుత్వ నిషేధం రావడంతో ఆ అనుమానం వట్టిది కాదని తేలింది. దొరకనిది దొరికినప్పుడు ఎగబడడం లోకస్వభావం గనుక, గోడలెక్కినవారిలో పాట కోసం ఎక్కినవారినీ, అవకాశం కోసం ఎక్కినవారినీ విడదీసి లెక్కించడం నేటికి అసాధ్యం.

'గోడలెక్కిండ్రు' అనే చోట వక్త అభినయం చేస్తాడు. తన ఛాయ్ గ్లాసును స్టేజీగానూ, సాసరును మైకు పెట్టెగానూ బల్ల మీద నిలిపి, ఒలికిన ఛాయ్‌లో వేలు ముంచి గ్రౌండు హద్దు గీసి, అగ్గిపెట్టెను గేటు చేసి, ఎదుటివాడి గ్లాసును కూడా లాక్కొని ప్రహరీ మూలన పెట్టి, తాను నిలబడిన చోటు అదేనని చూపిస్తాడు. నక్షా ఎంత సవివరంగా ఉంటే ప్రమాణం అంత బలమైనదని అతని నమ్మకం. శ్రోత ఛాయ్ ఈలోగా చల్లారుతుంది.

రెండో పాదంలోని 'ఈయన' ఎవరన్నది కష్టమైన ప్రశ్న. 2002లో కామారెడ్డిలో మొదలై తెలంగాణ ఉద్యమంతోపాటు ఊరూరా తిరిగిన ధూంధాం, అంటే పలువురు కళాకారులు ఒకే వేదిక మీద పాటా మాటా ఆటా కలిపి సాగించే ప్రదర్శన, కొంతకాలం ఈ స్థానంలో ఉండేది. ఇప్పుడు ధూంధాంను చూసినవారే దాన్ని 'అప్పటిది' అంటున్నారు. దీన్నిబట్టి 'ఈయన' వ్యక్తి పేరు కాదనీ, వేదిక మీద ఉన్నంతకాలం మాత్రమే నిలిచే పదవి అనీ, దిగిన కొన్నేళ్లకు ప్రతి 'ఈయనా' తనంతట తానే 'ఆయన' అవుతాడనీ గ్రహించాలి. 2023 ఆగస్టు 6న గద్దర్ మరణించిన తరువాత ఆయన సభల్లో గ్రౌండు నిండలేదన్న మాట ఎక్కడా వినిపించకపోవడం ఈ సూత్రానికి ఉదాహరణ.

'కుర్సీలు మిగిలినయ్' అన్న మాట ఈ వాక్యానికి ఆయువుపట్టు. ఒక వస్తువు లేకపోవడాన్ని బట్టి కలిగే జ్ఞానాన్ని భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అంటారు. నేల మీద కుండ కనిపించకపోతే కుండ లేదని తెలుసుకోవడం శాస్త్రాల్లో దీనికి వాడుక ఉదాహరణ. అలాగే కుర్చీలో మనిషి కనిపించలేదు గనుక పాటగాడికి ఆదరణ లేదని వక్త తేలుస్తున్నాడు. అయితే పూర్వపు సభల్లో జనం నేల మీద కూర్చునేవారు. టెంట్ హౌస్ కుర్చీ తరువాతి కాలపు మర్యాద. కుర్చీలే లేని సభలో కుర్చీలు మిగిలే ప్రసక్తి లేదు గనుక రెండు సభలకూ ఈ కొలత చెల్లదు. పైగా కుర్చీల సంఖ్య నిర్ణయించేది పాటగాడు కాదు, కమిటీ. ఎక్కువ తెప్పించిన కమిటీకి మిగులుతాయి, తక్కువ తెప్పించిన కమిటీకి 'జనం నిలబడి విన్నారు' అన్న కీర్తి దక్కుతుంది.

ఇక గనుల ప్రాంతానికే ప్రత్యేకమైన మరో అంశం ఉంది. ఇక్కడి పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. సాయంత్రం సభ పెడితే సెకండ్ షిఫ్టువాళ్లు గనిలో ఉంటారు, నైట్ షిఫ్టువాళ్లు పాట మధ్యలో టిఫిన్ డబ్బా పట్టుకొని లేస్తారు, పొద్దున దిగవలసినవాళ్లు గడియారం చూసుకుంటూ ఉంటారు. సభ ప్లేడే నాడు, అంటే వారపు సెలవు రోజున పడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు కూడా పాల్గొన్నారు గనుక, వారు పని మానిన రోజుల్లో షిఫ్టు అన్నదే లేదు; అప్పటి ధూంధాంకు వచ్చిన జనాన్ని మామూలు బుధవారం నాటి జనంతో పోల్చేవాడు సమ్మెనూ షిఫ్టునూ ఒక్క గాటన కట్టినవాడవుతాడు. కాబట్టి జనసంఖ్య చెప్పేవాడు పాటగాడి పేరుకు ముందు ఆనాటి వారాన్ని చెప్పాలన్నది నియమం.

పూర్వపక్ష సిద్ధాంతాలు

ఇక్కడ శ్రోత ఆక్షేపించవచ్చు. 'గోడలెక్కినవారిని ఎవరు లెక్కపెట్టారు? ఇప్పటి పాటకు యూట్యూబులో లక్షల వ్యూస్ అంకెల్లో కనిపిస్తున్నాయి గదా' అని. సమాధానం ఏమంటే, వ్యూ అనేది ఒక పరికరంలో పాట మొదలైందన్న దానికే సాక్ష్యం. అది విన్నది మనిషా, పక్కన ఫోను పెట్టి నిద్రపోయిన మనిషా అన్నది ఆ అంకె చెప్పదు. గోడ ఎక్కినవాడు నిద్రపోతే పడిపోతాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం వక్త ప్రమాణమే బలవత్తరం.

'సరే, గ్రౌండుకు వచ్చినవారందరూ పాట కోసమే వచ్చినట్టా' అని రెండో ఆక్షేపం. ఇది గట్టిది. సింగరేణి సంస్థ 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలై 1920 డిసెంబరు 23న ఇప్పటి పేరు పొందింది గనుక ఏటా ఆ తేదీన సింగరేణి దినోత్సవం జరుగుతుంది. స్టాళ్లకూ తినుబండారాలకూ పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబాలు ఆ సాయంత్రం వేదిక మీద ఎవరుంటే వారి ఖాతాలో జమ అవుతాయి. 1994 డిసెంబరు 31న బ్రెజిల్‌లోని కోపకబానా సముద్రతీరాన రాడ్ స్టీవర్ట్ పాడిన ఉచిత కచేరీకి 35 లక్షల మంది వచ్చారని గిన్నిస్ రికార్డు చెబుతుంది. వారిలో చాలామంది అర్ధరాత్రి కొత్త సంవత్సరపు బాణసంచా చూడడానికి వచ్చినవారన్నది కూడా ప్రసిద్ధమే. బాణసంచా తన జనాన్ని తిరిగి ఇమ్మని అడగదు గనుక రికార్డు గాయకుడికి ఉండిపోయింది. ఇక రాజకీయ సభల్లో పాడేవారి విషయంలో వచ్చిన జనం, డీసీఎం వ్యాన్లలో తోలుకొచ్చిన జనం అని రెండు తెగలున్నాయి. రెండో తెగ చప్పట్లు కొట్టే ఉత్సాహం బిర్యానీ ప్యాకెట్ అందిన సమయాన్ని బట్టి మారుతుంది.

'జనం తగ్గితే పాట తక్కువదే గదా' అన్నది మూడో ఆక్షేపం. అమెరికాలో 1969 ఆగస్టులో జరిగిన ఉడ్‌స్టాక్ ఉత్సవానికి నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. ఆదివారం ముగియవలసిన కార్యక్రమం సాగి సాగి సోమవారం పొద్దున జిమీ హెండ్రిక్స్ వేదిక ఎక్కేసరికి జనంలో ఎక్కువ భాగం ఇళ్లకు పోయింది. ఆ ఉత్సవం తలచుకున్న ప్రతివాడూ నేడు ముందుగా చెప్పే పేరు అతనిదే. సోమవారం ఫస్ట్ షిఫ్టు అంటే ఏమిటో ఎరిగిన గోదావరిఖనికి ఈ దృష్టాంతాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

పాఠాంతరాలు

'గోడలెక్కిండ్రు' అన్న చోట 'చెట్లెక్కిండ్రు' అనీ, 'వాటర్ ట్యాంకెక్కిండ్రు' అనీ పాఠాంతరాలు, అంటే వేర్వేరు నోళ్లలో మారిన రూపాలు, ఉన్నాయి. రిటైరై ఎంతకాలమైతే జనం అంత పైకి ఎక్కడం గమనించదగినది. ఎత్తు పెరిగిన పాఠం అర్వాచీనమని, అంటే తరువాతిదని, పరిష్కర్తలు నిర్ణయించుకొని అన్నిటికన్నా పొట్టి గోడనే మూలంలో ఉంచడం ఉచితం. హైదరాబాదు నుంచి వచ్చిన కొడుకు 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో జరిగిన మెటాలికా కచేరీని 'ఆయన' స్థానంలో చేర్చి ఇదే వాక్యాన్ని తమ్ముడి మీద ప్రయోగించడం కూడా ఉంది. అర్థంలో మార్పు లేదు.

అలంకారాలు

మొదటి రెండు పాదాల్లో ఒకదానికన్నా మరొకటి అధికమని చెప్పడం వల్ల వ్యతిరేకం. గోడ విషయంలో అతిశయోక్తి. రెండు విశేషాలను చెప్పి 'అప్పటి పాట అప్పటిదే' అనే సామాన్య వాక్యంతో సమర్థించడం వల్ల అర్థాంతరన్యాసం. నాలుగో పాదంలో అలంకారం లేదు, ఆజ్ఞ ఉంది.

తాత్పర్యం

మొదటి మూడు పాదాల్లో పాటగాళ్ల గురించి వాదించిన వక్త నాలుగో పాదంలో శ్రోత పుట్టిన తేదీని పట్టుకున్నాడు గనుక, వాక్యపు అసలు విషయం పాట కాదు, సీనియారిటీ. మస్టర్లతో, అంటే హాజరీ లెక్కతో, మనిషి విలువ తేలే చోట ఇది సహజమే. భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండాయా లేదా అన్న ప్రశ్న చుట్టూ బదిలీ కార్మికుల, అంటే ఒకరి బదులు పనిలోకి దిగే తాత్కాలిక కార్మికుల, బతుకులు తిరిగిన ప్రాంతంలో అభిమానం కూడా హాజరుతోనే రుజువు కావలసి వచ్చింది. వక్త చెప్పదలచినది 'ఆయనకు జనం ఎక్కువ' అని కాదు, 'ఆ జనంలో నా మస్టరు పడింది, నీది పడలేదు' అని. ఆ మస్టరును ఎవరూ కాదనడం లేదు. కాదనవలసింది దాన్ని పాటకు తూకపురాయిగా వాడడాన్ని మాత్రమే. ఇద్దరు పాటగాళ్లనూ పోల్చక తప్పదనుకుంటే గ్రౌండును వదిలి, పాడినవాడు వెళ్లిపోయాక ఎవరి పాటకు రెండో చరణం ఎంతమందికి నోటికి వస్తుందో అడిగి చూడాలి. పల్లవి గ్రౌండులో ఉన్నవాళ్లందరికీ వస్తుంది; రెండో చరణం ఇష్టపడి నేర్చుకున్నవాడికే వస్తుంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను చదివినవాడు ఇకపై జనసంఖ్య చెప్పే ముందు వారం, షిఫ్టు, కుర్చీల లెక్క, డీసీఎంల లెక్క చెబుతాడు. విన్నవాడు గోడ ఎత్తు అడుగుతాడు. రెండో చరణం అడిగినప్పుడు ఇద్దరూ తడబడితే వాదం సమమైనట్టు లెక్క. అప్పటికీ శ్రోత వక్త సీనియారిటీని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అతనికి నష్టమేమీ లేదు, ఎందుకంటే కుర్రాళ్లతో కూర్చున్నప్పుడు బల్ల మీది గ్లాసులన్నిటికీ డబ్బులిచ్చేది సీనియరే.