సహాయార్థం నవ్వుల రాత్రి: నిర్వాహకులకు సూచనలు

నిజామాబాద్‌లో స్టాండప్ కామెడీ షో పెట్టి, ఆ పైసలతో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల ఫీజులు కట్టాలనుకుంటున్నారా? చాలా మంచి ఆలోచన. పిల్లల లిస్టు తర్వాత రాసుకోవచ్చు, ముందు గౌరవ అధ్యక్షుణ్ని వెతకండి.

1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలడిగారు. ఇప్పుడు జోలె పడితే వంగాలి, వంగితే ఫొటోలో ముఖం పడదు. కాబట్టి ఫ్లెక్సీలు కొట్టించండి. పులాంగ్ చౌరస్తాలో ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి, బోధన్ రోడ్డు పొడుగునా మీ ఓపిక. అందులో కమెడియన్ బొమ్మ పోస్టల్ స్టాంపంత ఉంటే చాలు.

బ్రిటన్‌లో కామిక్ రిలీఫ్ వాళ్లు 1988 ఫిబ్రవరి 5న మొదటి రెడ్ నోస్ డే జరిపారు. ఎర్ర ప్లాస్టిక్ ముక్కులమ్మి, టీవీలో హాస్యగాళ్లను దింపి, కోటిన్నర పౌండ్లు పోగేశారు. పాపం, వాళ్లకు జ్యోతి ప్రజ్వలన సంగతి తెలీదు. మీరు మాత్రం షో ఆరింటికని వేసి, ఏడింటికి దీపం వెలిగించండి. అతిథులు పదిహేను మందికి తగ్గకూడదు. ఒక్కొక్కరికి ఒక శాలువా, ఒక మెమెంటో, "రెండే రెండు మాటలు". పదింటికల్లా మైకు కట్టేయాలని చట్టం ఉంది కాబట్టి కమెడియన్ కు తొమ్మిది యాభైకి మైకివ్వండి. ఆ పది నిమిషాల్లో "టైమైంది" అని రెండుసార్లు చీటీ పంపండి.

కమెడియన్ ను హైదరాబాద్ నుంచే తెప్పించాలి. కారు, హోటలు, అంకాపూర్ నాటుకోడి, అన్నీ మన ఖర్చే. బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక కుర్రాడు తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలో మలుపు తిప్పి, మరాఠీలో తిట్టి గల్లీ మొత్తాన్ని నవ్విస్తున్నాడని ఎవరైనా చెబితే, "మనోడే కదా, పైసలెందుకు?" అని కుర్చీలు వేయించండి.

జోకుల విషయంలో జాగ్రత్త. భార్య మీద, లావు మీద, నలుపు మీద ఎన్నైనా వేయనివ్వండి, వాటికి అభ్యంతరం చెప్పేవాళ్లు ముందు వరుసలో కూర్చోరు. ఫ్యాక్టరీ మాట మాత్రం రానివ్వద్దు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొంది, 2015 డిసెంబర్‌లో మూతపడిన ఆ ఫ్యాక్టరీని తెరిపిస్తామన్నవాళ్లే మనకు ముఖ్య అతిథులు. ఎవరి కోసం షో పెట్టామో వాళ్ల ఊసే స్టేజీ మీద ఎత్తకపోవడమే మర్యాద. కార్మికుల కుటుంబాలకు పాసులిస్తే వెనక గోడ పక్కన నిలబెట్టండి. వాళ్లు నవ్వితే ఎందుకు నవ్వారో ముందు వరుసకు అనుమానం వస్తుంది.

ఇక పైసలు. రసీదు బుక్కు అచ్చేయించకండి. 2000 దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ఎవరైనా సేటు గుర్తు చేస్తే, "సేవకు లెక్కలేంది సేటూ?" అని నొచ్చుకోండి. బోధనే ఏకచక్రపురమని మన పెద్దలంటారు. అక్కడ బకాసురుడికి బండెడన్నం తోలుకెళ్లిన భీముడు, రాక్షసుడి ఎదుటే ముందు అదంతా తాను తిని, తర్వాత పని చూశాడు. కమిటీకి ఇంతకు మించిన ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది? షో అయ్యాక దావత్ పెట్టుకోండి.

చెక్కు ఆరడుగులుండాలి. థర్మాకోల్ మీద అంకెలు రాయించేటప్పుడు "అక్షరాలా" అన్న గడి ఖాళీగా వదలండి, రాజీవ్ గాంధీ ఆడిటోరియం కిరాయి, సౌండు, శాలువాలు, నాటుకోడి పోను ఎంత మిగిలిందో ఫొటో దిగే వేళకు తేలదు. తేలాక లోటే వస్తుంది. కంగారు పడొద్దు, ఆ లోటు పూడ్చడానికి నిర్వాహకుల సహాయార్థం ఇంకో షో పెట్టండి. దానికి మాత్రం రసీదు బుక్కు తప్పనిసరి.